కాలిన పుండు ఫోటో డాక్టరుకి పంపే ముందు

ఆసుపత్రి నుంచి లంక ఊరికి వచ్చేశాక ప్రతి వారం పడవలో ఏరు దాటి, బస్సెక్కి వెళ్లడం నరకమే. ఫోనులో చూపించుకోవడం మంచి దారి. కాకపోతే ముందు ఇవి చూసుకోండి.

• ఫోటో కోసమని కట్టు విప్పొద్దు. డ్రెస్సింగ్ మార్చే రోజునే తియ్యండి. చేతులు సబ్బుతో కడుక్కోండి, ఫోన్ తుడవండి.

• పాత పూతమందు శుభ్రం చేశాక, కొత్తది రాయకముందు తియ్యాలి. తెల్లటి క్రీము కింద పుండెలా ఉందో ఎంత పెద్ద డాక్టరుకైనా కనపడదు.

• పగటి వెలుతురు చాలు, ఫ్లాష్ వద్దు. తడి పుండు మెరిసి అసలు రంగు పోతుంది. ఫిల్టర్లు తీసెయ్యండి. దూరం నుంచొకటి, దగ్గర నుంచొకటి. పక్కన స్కేలు పెట్టండి, పుండుకి తగలనివ్వకండి.

• ముఖం పడకుండా చూడండి. చుట్టాల గ్రూపులో మాత్రం పెట్టకండి, ఆ మనిషి బాధ ఊరందరికీ చూపించేది కాదు.

• తుఫాను కబురుంటే ముందే ఛార్జింగ్ పెట్టుకోండి.

• జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, చెడు వాసన వచ్చినా, చుట్టూ ఎరుపు పాకుతున్నా జవాబు కోసం ఎదురు చూడకుండా ఆసుపత్రికి బయల్దేరండి. ఆయాసమో, మగతో ఉంటే వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.