రూపాయి గుర్తు సరిగా రావడం లేదా? ముందు దాని కోడ్ చూడండి

రూపాయి గుర్తు తప్పుగా కనబడుతోందని నా దగ్గరకు వచ్చేవారు అప్పటికే రెండు మూడు ఫాంట్లు మార్చి, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఎక్కించి ఉంటారు గానీ, ఆ గుర్తు వెనుక ఉన్న కోడ్, అంటే కంప్యూటర్ దానిని గుర్తుపట్టే సంఖ్య, ఏమిటో మాత్రం చూసి ఉండరు. వర్డ్‌లో గుర్తు వెంబడే కర్సర్ పెట్టి ఆల్ట్, ఎక్స్ మీటలు కలిపి నొక్కితే కోడ్ బయటపడుతుంది. మరోసారి నొక్కితే గుర్తు తిరిగి వస్తుంది. అసలైన ₹ అయితే 20బి9 (20B9) అని రావాలి. పదహారు ఆధారంగా రాసిన ఆ సంఖ్య మామూలు దశాంశ పద్ధతిలో 8377. అక్షరాలకు ఇలా కోడ్‌లు కేటాయించే అంతర్జాతీయ ప్రమాణం యూనికోడ్. ఎక్సెల్‌లో అదే పేరున్న ఫంక్షన్ ఈ సంఖ్యనే చూపుతుంది.

సమస్య: గుర్తు టైపు కావడం లేదు.
విండోస్‌లో కుడివైపు ఆల్ట్‌తో 4 నొక్కినా ₹ రాకపోతే కీబోర్డు అమరిక ఇంగ్లీషు (ఇండియా)లో లేదన్నమాట. దానిని చేర్చుకుని, వాడేటప్పుడు దానికి మారడం మరవకండి.

సమస్య: గుర్తు ఉండవలసిన చోట డబ్బా.
కోడ్ సరైనదే, ఫాంట్‌లో ఆ ఆకారం లేదు. డి. ఉదయకుమార్ రూపొందించిన ఈ గుర్తును కేంద్ర ప్రభుత్వం 2010 జులైలో ఆమోదించగా, అదే ఏడాది అక్టోబరులో యూనికోడ్ 6.0లో చేరింది. అంతకుముందటి ఫాంట్లలో దానిని వెతకడం దండగ. కొత్త ఫాంట్ పెట్టండి.

సమస్య: మీ దగ్గర ₹, అవతలివారి దగ్గర `.
నన్ను బాగా దెబ్బతీసినది ఇదే. యూనికోడ్‌లో చోటు దొరకకముందు ఆత్రంగా వచ్చిన కొన్ని ఫాంట్లు, ట్యాబ్ మీటకు పైనున్న ` అక్షరానికే రూపాయి బొమ్మ తొడిగాయి. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో అంతా చక్కగా కనబడుతుంది, ముద్రణలోనూ వస్తుంది. ఫైలు మరో చోటికి వెళ్ళగానే ముసుగు జారిపోతుంది. ఒక ధరల పట్టికను నా తెరపై రెండుసార్లు సరిచూసి పంపితే, అచ్చయి వచ్చిన ప్రతిలో ప్రతి ధర ముందూ ఒక వాలుగీత మాత్రమే ఉంది. తెరను ఎన్నిసార్లు చూసినా ఈ లోపం దొరకదు, కోడ్ చూస్తేనే దొరుకుతుంది: 20బి9కు బదులు 0060, ఎక్సెల్‌లో 96. ₹ కోసం వెతికితే ఫైలులో ఒక్కటీ దొరకకపోవడం మరో ఆనవాలు.

సరిచేయడానికి వర్డ్‌లోని ఫైండ్, రీప్లేస్‌లో ` వెతకమని చెప్పి, వెతుకులాటను ఆ ఫాంట్‌కే పరిమితం చేసి, దాని స్థానంలో మామూలు ఫాంట్‌లోని ₹ పెట్టండి. ఫాంట్ షరతు లేకుండా మార్చారంటే, ప్రోగ్రాము కోడ్‌లో నిజంగా ఉండవలసిన ` గుర్తులు కూడా రూపాయలైపోతాయి. పని పూర్తయ్యాక ఆ పాత ఫాంట్‌ను కంప్యూటర్‌లోంచి తీసేయండి. అది ఉన్నంతకాలం పాత టెంప్లేట్ల ద్వారా ఈ జబ్బు తిరగబెడుతూనే ఉంటుంది.

సమస్య: ప్రశ్నార్థకం, లేదా మూడు పిచ్చి అక్షరాలు.
ప్రశ్నార్థకమైతే, ₹ లేని ఎన్‌కోడింగ్‌లో, అంటే అక్షరాలను ఫైలులో బైట్లుగా రాసే పద్ధతిలో, భద్రపరచినప్పుడే గుర్తు పోయింది, ఏ ఫాంటూ దానిని తిరిగి తేలేదు. మూడు అక్షరాలైతే, యూనికోడ్‌కు వాడే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో ఈ గుర్తుకు పట్టే మూడు బైట్లను, ఒక్కో బైటుకు ఒక్కో అక్షరం చూపే పాత విండోస్-1252 ఎన్‌కోడింగ్‌గా చదివారన్నమాట. ఫైలును యూటీఎఫ్-8గా మళ్ళీ తెరిస్తే చాలు.

ఇక అరుదైనవి. 20ఎ8 వచ్చిందంటే అది ₨ అనే పాత గుర్తు, మార్చేయండి. ₹ చేర్చగానే ఎస్సెమ్మెస్ పరిమితి 160 అక్షరాల నుంచి 70కి పడిపోతే అది లోపం కాదు, ఆ సందేశాల మామూలు అక్షరమాలలో ఈ గుర్తు లేదు, అక్కడ రూ. అని రాసినా అక్షరాలు తెలుగువే కనుక పరిమితి 70గానే ఉంటుంది, ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి.