హోంవర్క్ ఫోటో పెట్టాక ఇంకో బటన్ ఉంది

మా అమ్మాయి ఏడో తరగతి. మొన్నో రాత్రి లెక్కల హోంవర్క్ నాలుగు పేజీలూ ఫోటోలు తీసి గూగుల్ క్లాస్‌రూమ్‌లో పెట్టి పడుకుంది. పొద్దున చూస్తే 'మిస్సింగ్' అని ఉంది. ఒకటే ఏడుపు. తీరా తెరిచి చూస్తే ఫోటోలు అక్కడే ఉన్నాయి, 'టర్న్ ఇన్' మాత్రం నొక్కలేదు. అటాచ్ చేశామంటే నోట్‌బుక్ బ్యాగులో పెట్టుకున్నట్టే, టీచర్ చేతికి ఇంకా ఇవ్వలేదన్నమాట. అందుకే నొక్కాక పైన 'టర్న్డ్ ఇన్' అని మారిందో లేదో చూసి, అప్పుడే ఫోన్ పక్కన పెట్టండి.

ఫోటోలు విడివిడిగా పంపితే పేజీల వరుస తప్పొచ్చు. దానికంటే గూగుల్ డ్రైవ్ యాప్‌లో ప్లస్ గుర్తు నొక్కి 'స్కాన్' ఎంచుకోండి. పేజీలు ఒకదాని తర్వాత ఒకటి తీస్తే అన్నీ కలిసి ఒకే పీడీఎఫ్ అవుతుంది. అంచులు కూడా అదే కత్తిరిస్తుంది. ట్యూబ్‌లైట్ వెనక ఉంటే మన తల నీడ సరిగ్గా జవాబు మీదే పడుతుంది (మా ఇంట్లో రోజూ ఇదే గొడవ), కాబట్టి లైటుకు ఎదురుగా కూర్చోండి. పెన్సిల్ రాత అయితే పగలు కిటికీ దగ్గర తీయడమే మేలు.

పంపాక తప్పు కనిపిస్తే 'అన్‌సబ్మిట్' కొట్టి మార్చుకోవచ్చు. కానీ గడువు దాటాక మళ్లీ పెడితే 'లేట్' అని పడుతుంది.