బడిలో తొలి వారాలు – 3వ పాఠం: సున్న చుట్టడం

పోయిన పాఠంలో ఏడుపు మాన్పించడం, తోటిపిల్లల పేర్లు పలికించడం చూశాం. బడి తెరిచి రెండు వారాలు దాటింది కాబట్టి ఇక చేతికి పని చెప్పాలి. చేతికి అంటున్నాను, పెన్సిల్‌కు కాదు.

మణికట్టులో ఉండే 8 చిన్న ఎముకలు పుట్టినప్పుడు మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి. ఒక్కొక్కటే గట్టిపడుతూ, ఆఖరిది తయారయ్యేసరికి పదేళ్ళు కావస్తాయి. నాలుగేళ్ళ చేతికి జూన్‌లోనే కాపీ పుస్తకం ఇచ్చి 'అ' దిద్దమంటే, బిడ్డ పిడికిలి బిగించి పెన్సిల్‌తో కాగితాన్ని పొడుస్తాడు. మొదటి ఏడాది నేనూ ఆ తప్పే చేశాను. ఒక బాబు కాగితం చిరిగేదాకా రుద్ది, రెండు చేతులూ ఒళ్ళో దాచుకున్నాడు. ఆ వారమంతా పలక ముట్టలేదు.

'అ' వర్ణమాలలో మొదటిది గానీ, చేతికి మొదటిది కాదు. అందులో ఎన్ని మలుపులున్నాయో వేలితో దిద్దితే మీకే తెలుస్తుంది. చేతికి మొదటిది సున్న. మన అక్షరాల్లో ఎక్కువ గుండ్రనివే కదా. సున్న నెత్తిన తలకట్టు పెడితే 'ర'. దాని కడుపులో చుక్క పెడితే 'ఠ'.

మా కడపలో తరగతి గది నేలే పెద్ద పలక. నల్లటి కడప బండ మీద సుద్దముక్కతో గీస్తే తెల్లగా కనబడుతుంది, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. పిల్లల్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, భుజం నుంచి చెయ్యంతా తిప్పుతూ బండకొక పెద్ద సున్న చుట్టించండి. వంకరపోయినా ఫర్వాలేదు. మొదలుపెట్టిన చోటికే వచ్చి కలుస్తోందా, అదొక్కటే చూడండి. కలవకపోతే చెరపొద్దు. మొదలైన చోట చింతగింజ పెట్టి, "ఇది ఇల్లు నాయనా, ఊరంతా తిరిగి ఇంటికి రా" అనండి. వస్తారు.

ఒకరోజు ఒక అవ్వ తలుపు దగ్గర నిలబడి, "ఏం టీచరమ్మా, పదైదు దినాలాయె, మావోనికి ఒక్క అచ్చరమన్నా రాలేదే?" అని అడిగింది. ఆమె వేళ్ళకు ఇంకా ముగ్గుపిండి అంటుకునే ఉంది. "అవ్వా, ముగ్గు ఎట్లా పట్టుకుంటావో చూపించు" అన్నాను. బొటనవేలు, చూపుడువేలు, వాటికి ఆనుకుని మధ్యవేలు. బలపం పట్టుకోవాల్సింది సరిగ్గా ఆ మూడు వేళ్ళతోనే! పొద్దున ముగ్గేసేటప్పుడు మనవడితో నాలుగు చుక్కలు పెట్టించమని చెప్పి పంపాను. నెల తిరక్కముందే వాడు బలపం పట్టే తీరు మారిపోయింది.

ముగ్గుపిండి కళ్ళల్లో పడితే మంట, పిల్లలకు బియ్యప్పిండే ఇవ్వండి. అక్షరాభ్యాసం నాడు బియ్యంలో వేలితో దిద్దిస్తాం కదా, ఆ పళ్ళెం ఆ ఒక్కరోజుతో అటకెక్కించొద్దు. రోజూ పది నిమిషాలు అందులో సున్నలు చుట్టించండి. శెనక్కాయలు ఒలిపించినా వేళ్ళకు బలం వస్తుంది. కాకపోతే గింజలు ముక్కులో, నోట్లో పెట్టుకోకుండా పక్కనే ఉండండి.

ఈ వారం చివర ఒక్కొక్కరితో పది సున్నలు చుట్టించండి. ఏడెనిమిది కలిసినవాళ్ళకే తలకట్టు చూపించండి. మిగతావాళ్ళను ఇంకో వారం బండల మీదే ఉండనివ్వండి. 'గ' వచ్చే పాఠంలో.