బీకాం మెమోలతో అమెరికా చేరినవారికి: ఆన్‌లైన్ బిజినెస్ డిగ్రీ, క్రెడిట్ల బదిలీపై సూచనలు

జీవిత భాగస్వామి వెంటో, సొంత ఉద్యోగం మీదో నెల్లూరు, కావలి, ఒంగోలు, సింగరాయకొండ వంటి ఊళ్ల నుంచి అమెరికాకు వచ్చినవారిలో బీకాం, బీబీఏ చదివినవారు తక్కువేమీ కాదు. ఇల్లు కుదిరి, పిల్లలను బడిలో చేర్చి, కాస్త కుదుటపడిన తరువాత వారిలో చాలామందికి చదువు కొనసాగించాలన్న ఆలోచన వస్తుంది, ఇంటిపట్టున ఉండి చదువుకునే వీలున్నందువల్ల ఆన్‌లైన్ బిజినెస్ డిగ్రీల మీద దృష్టి పడుతుంది. విశ్వవిద్యాలయానికి ఫోను చేస్తే "మీ పాత చదువుకు 90 క్రెడిట్ల వరకు తీసుకుంటాము" అని అడ్మిషన్ల విభాగంవారు చెబుతారు. క్రెడిట్ అంటే ఒక కోర్సు పూర్తి చేసినందుకు లెక్కవేసే యూనిట్. అడ్మిషన్లవారి మాటలో అబద్ధం లేదు, కాని అది సగం సమాచారమే. పాత క్రెడిట్లలో ఎన్నింటిని తీసుకుంటారన్నది ఒక ప్రశ్న, తీసుకున్నవాటిలో ఎన్ని మీరు చేరిన డిగ్రీ నిబంధనలను తీరుస్తాయన్నది మరొక ప్రశ్న. కొత్తగా వచ్చినవారు నష్టపోతున్నది ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్లనే.

ఇంకా బయలుదేరనివారు ముందుగా పత్రాల సంగతి చూసుకోవాలి. చదివిన కాలేజీ ఏదైనా, అధికారిక ట్రాన్స్‌క్రిప్ట్, అంటే చదివిన పేపర్లు, మార్కుల పూర్తి పట్టిక, ఇవ్వవలసింది విశ్వవిద్యాలయం. నెల్లూరు జిల్లాలో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. అంతకుముందు అక్కడి డిగ్రీ కాలేజీలు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం కింద ఉండేవి. ప్రకాశం జిల్లాకు ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయం 2022లో వచ్చింది. అంతకుముందు డిగ్రీ పూర్తి చేసినవారి పత్రాలు ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం పేరిట ఉంటాయి. అందుచేత ఒకే కాలేజీలో చదివినా అక్క ట్రాన్స్‌క్రిప్ట్ కోసం తిరుపతికీ, చెల్లెలు విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉన్న కాకుటూరుకూ వెళ్లవలసి రావచ్చు. కాలేజీ బోర్డు మీద ఇప్పుడున్న పేరును బట్టి కాక, మార్కుల మెమో మీద అచ్చయిన పేరును బట్టి దరఖాస్తు చేయాలి. విదేశీ చదువును అమెరికా చదువుతో పోల్చి నివేదిక ఇచ్చే అక్కడి మూల్యాంకన సంస్థలు సాధారణంగా విశ్వవిద్యాలయమే నేరుగా పంపిన పత్రాలను కోరతాయి గనుక, మెమోలూ ప్రొవిజనలూ సూట్‌కేసులో పెట్టుకుని వచ్చినంత మాత్రాన పని పూర్తి కాదు. ఇంటి దగ్గర తండ్రిగారో తమ్ముడో తిరిగి పని చేయించగలిగినా, వారి పేరిట సంతకం చేసిన అధికార పత్రం ఒకటి ఇచ్చి రావడం మంచిది.

ట్రాన్స్‌క్రిప్ట్‌తో పాటు సిలబస్ ప్రతిని కూడా తెచ్చుకోవాలి. చాలామంది దీనిని పట్టించుకోరు, కాని నా అభిప్రాయంలో మెమోలకు ఎంత విలువ ఉందో దీనికీ అంతే ఉంది. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ చదువు ఇటీవలి కాలంలో పలుమార్లు రూపు మార్చుకుంది: 2015-16లో సెమిస్టర్లు, క్రెడిట్లతో కూడిన విధానం వచ్చింది, 2020-21లో దానిని సవరించారు, 2023-24 నుంచి ఒకే ప్రధాన సబ్జెక్టుతో సాగే పద్ధతిని ప్రవేశపెట్టారు. 2015కు ముందు వార్షిక పరీక్షలు రాసినవారి మెమోలలో అసలు క్రెడిట్లే కనిపించవు, వాటిని మూల్యాంకన సంస్థ లెక్కగట్టవలసి ఉంటుంది. మీరు చేరిన సంవత్సరపు సిలబస్‌ను ప్రిన్సిపాల్ సంతకం, ముద్రలతో తీసుకోండి. ఇప్పటి బ్యాచ్ సిలబస్ తెస్తే పేపర్ల పేర్లే మీ మెమోతో సరిపోవు.

చదువులో చేరేముందు వీసా ఏమి అనుమతిస్తుందో తెలుసుకోవాలి. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్నవారు పూర్తికాలమైనా, కొంతకాలమైనా, ఆన్‌లైన్‌లోనైనా చదువుకోవచ్చు. ఎఫ్-2 (ఎఫ్-1 విద్యార్థి కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్నవారు పూర్తికాలపు డిగ్రీ చదువు సాగించరాదు, 2015 నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం అంతకు తక్కువ భారంతో చదవవచ్చు. ఎఫ్-1 విద్యార్థికి ఒక టర్మ్‌లో ఒక్క ఆన్‌లైన్ కోర్సు, అంటే 3 క్రెడిట్లకు మించనిది మాత్రమే పూర్తికాలపు లెక్కలోకి వస్తుంది గనుక, పూర్తిగా ఆన్‌లైన్‌లో సాగే డిగ్రీ ఆ వీసాకు పనికిరాదు. హెచ్-4 మీద డిగ్రీ పూర్తి చేసినా దానివల్ల ఉద్యోగ అనుమతి రాదు; అందుకు భాగస్వామి గ్రీన్ కార్డు ప్రక్రియ తగిన దశకు చేరిన తరువాత విడిగా దరఖాస్తు చేసుకోవలసిందే. ఈ సంగతిని ఫీజు కట్టకముందే ఇంట్లో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

అసలు మళ్లీ బ్యాచిలర్ డిగ్రీ అవసరమా అన్నది తేల్చుకోవలసిన మరొక విషయం. అమెరికాలో బ్యాచిలర్ డిగ్రీకి సాధారణంగా 120 సెమిస్టర్ క్రెడిట్లు కావాలి, మన మూడేళ్ల డిగ్రీని ఏడాదికి 30 చొప్పున సుమారు 90గా లెక్కిస్తారు. అయితే విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేసే న్యాక్ ఇచ్చిన గ్రేడు, మీ డివిజన్ బాగున్నప్పుడు కొన్ని మూల్యాంకన సంస్థలు ఆ మూడేళ్ల డిగ్రీనే అమెరికా బ్యాచిలర్ డిగ్రీకి సమానమని రాస్తాయి, కొన్ని అలా రాయవు. సమానమని వస్తే నేరుగా ఎంబీఏకో, అకౌంటింగ్ మాస్టర్స్‌కో ప్రయత్నించవచ్చు. అదే సమయంలో, డిగ్రీ ఉన్నవారికి రెండవ బ్యాచిలర్ డిగ్రీ ఇవ్వని విశ్వవిద్యాలయాలు కూడా ఉన్నాయి. కనుక మూల్యాంకనానికి డబ్బు కట్టేముందు, మీరు చేరదలచిన చోట ఏ సంస్థ నివేదికను అంగీకరిస్తారో అడిగి, ఒక్కొక్క పేపరుకు క్రెడిట్లు, గ్రేడు చూపే కోర్సు వారీ నివేదికనే కోరండి. ప్రథమ శ్రేణిలో పాసై మాస్టర్స్‌కు అర్హత ఉన్నవారు, "ఇక్కడి డిగ్రీ ఉంటేనే విలువ" అని పక్కింటివారు చెప్పిన మాట విని మళ్లీ బ్యాచిలర్స్‌లో చేరడం నాకు సమంజసంగా కనిపించదు.

బ్యాచిలర్స్‌లోనే చేరవలసినవారికి అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. ఒక్కొక్క పాత పేపరు కొత్త డిగ్రీలో ఏదో ఒక గడిలో కూర్చోవాలి: సాధారణ విద్య, బిజినెస్ ప్రాథమిక కోర్సులు, పై తరగతి కోర్సులు, ఐచ్ఛికాలు. మన బీకాంలోని ఇంగ్లిషు, తెలుగు, పర్యావరణ విద్య, మానవ విలువల వంటి పేపర్లు సాధారణ విద్యలోకో ఐచ్ఛికాలలోకో వెళతాయి. బిజినెస్ స్టాటిస్టిక్స్, బిజినెస్ ఎకనామిక్స్, మొదటి ఏడాది ఫైనాన్షియల్ అకౌంటింగ్ చాలా చోట్ల ప్రాథమిక కోర్సులకు బదులుగా నిలుస్తాయి. చిక్కు వచ్చేది మనం కష్టపడి చదివిన పేపర్లతోనే. ఆదాయపు పన్ను, జీఎస్టీ, కంపెనీ చట్టం, బ్యాంకింగ్ చట్టాలు భారతదేశ చట్టాల మీద ఆధారపడినవి గనుక అమెరికా ఫెడరల్ టాక్స్‌కు గాని, బిజినెస్ లాకు గాని బదులు కావు, ఐచ్ఛికాలుగా మిగిలిపోతాయి. అడ్వాన్స్‌డ్ అకౌంటింగ్, కార్పొరేట్ అకౌంటింగ్ పేపర్లను కూడా అక్కడి అకౌంటింగ్ ప్రమాణాలు వేరన్న కారణంగా ఇంటర్మీడియట్ అకౌంటింగ్‌కు (ఇది మన ఇంటర్ కాదు, డిగ్రీలో ప్రాథమిక అకౌంటింగ్ తరువాతి కోర్సు) సమానంగా చూడకపోవచ్చు. పేరు ఒకటే అయినా 300, 400 స్థాయి (పై తరగతి) కోర్సుగా గుర్తించకుండా 100, 200 స్థాయికి (మొదటి రెండేళ్ల కోర్సులకు) దించి రాయడం కూడా మామూలే.

దీని ఫలితం లెక్కలో చూస్తే స్పష్టమవుతుంది. మీకు 90 క్రెడిట్లు ఇచ్చారనుకుందాం. వాటిలో 40 ఐచ్ఛికాలుగా పడి, ఆ డిగ్రీలో ఐచ్ఛికాలకు 15 క్రెడిట్ల చోటే ఉంటే, తక్కిన 25 మీ రికార్డులో కనిపిస్తాయి గాని డిగ్రీని ఒక్క అడుగైనా దగ్గరకు తేవు. అప్పుడు మీరు చదవవలసినవి 30 కాదు, 55. దీనికి తోడు, చివరి 30 క్రెడిట్లనైనా తమ వద్దనే చదవాలన్న నియమం చాలా విశ్వవిద్యాలయాలలో ఉంది, వ్యూహ నిర్వహణ వంటి ముగింపు కోర్సును బయటి నుంచి దాదాపు ఎవరూ తీసుకోరు. అంచు మార్కులతో గట్టెక్కిన పేపర్లను సీ గ్రేడు కన్నా తక్కువగా లెక్కగడితే అవి రాకపోవచ్చు. వచ్చిన పేపర్ల మార్కులు కూడా కొత్త జీపీఏలో కలవవు. మన ఫస్ట్ క్లాసు అక్కడి సగటును పెంచదు, తగ్గించదు. సెమిస్టర్ల కన్నా చిన్న టర్మ్‌లుండే క్వార్టర్ విధానంలో నడిచే చోట 180 క్రెడిట్లకు డిగ్రీ ఇస్తారు గనుక, ఒక సెమిస్టర్ క్రెడిట్ ఒకటిన్నర క్వార్టర్ క్రెడిట్‌కు సమానమని గుర్తుంచుకుని పోల్చుకోవాలి.

రాష్ట్రాన్ని బట్టి కూడా భారం మారుతుంది. డల్లాస్, హ్యూస్టన్ ప్రాంతాలలో మనవాళ్లు ఎక్కువ గనుక ఒక మాట చెప్పాలి: టెక్సస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో డిగ్రీ పొందడానికి అమెరికా చరిత్రలో 6, ప్రభుత్వ పాలనలో 6 క్రెడిట్లు చట్టప్రకారం తప్పనిసరి, వీటికి మన డిగ్రీలో బదులు పేపర్లు ఉండవు. ఇవి దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీలో తక్కువ ఖర్చుతో పూర్తవుతాయి.

ఇక పాఠ్యప్రణాళిక మార్పుల విషయం. బిజినెస్ స్కూళ్లకు గుర్తింపునిచ్చే ఏఏసీఎస్‌బీ సంస్థ 2020లో కొత్త ప్రమాణాలను ప్రకటించింది. సాంకేతికత మీద, దత్తాంశ విశ్లేషణ మీద వాటిలో పెరిగిన పట్టింపు వల్ల అనేక డిగ్రీలలో అనలిటిక్స్ కోర్సులు తప్పనిసరి అయ్యాయి. అమెరికాలో లైసెన్సు ఉన్న అకౌంటెంట్ కావడానికి రాసే సీపీఏ పరీక్ష 2024 జనవరి నుంచి మూడు ప్రధాన విభాగాలు, ఎంచుకునే ఒక ప్రత్యేక విభాగం అన్న పద్ధతికి మారడంతో అకౌంటింగ్ డిగ్రీలను కూడా తిరగ రాసుకున్నారు. సీపీఏకు 150 క్రెడిట్లు కావాలన్న నియమాన్ని సడలించి, బ్యాచిలర్ డిగ్రీకి రెండేళ్ల అనుభవం తోడైతే చాలునన్న మార్గాన్ని ఒహాయో వంటి కొన్ని రాష్ట్రాలు 2025లో చట్టబద్ధం చేశాయి. కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీ నుంచి ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి మారేవారి సాధారణ విద్య నమూనా 2025 శరదృతువు నుంచి కాల్-జెట్సీగా ఏకమైంది. వీటిలో ఏది మీకు వర్తిస్తుందో తేల్చేది మీ కేటలాగ్ సంవత్సరం, అంటే మీరు చేరిన సంవత్సరంలో అమలులో ఉన్న నిబంధనల సంపుటి. మామూలుగా ఎన్ని మార్పులు వచ్చినా మీరు చేరిననాటి నిబంధనల ప్రకారమే డిగ్రీ పూర్తి చేయవచ్చు, మధ్యలో చదువు ఆపనంత వరకు. విశ్వవిద్యాలయం అనుమతించిన గడువుకు మించి ఆపితే తిరిగి చేరేటప్పుడు కొత్త కేటలాగ్ వర్తిస్తుంది, అప్పటివరకు సరిపోయిన పేపర్లు కూడా పనికిరాకుండా పోవచ్చు.

పురిటికి పుట్టింటికి వెళ్లేవారికి ఈ నియమం నేరుగా తగులుతుంది. వెళ్లేముందు నమోదును ఊరికే వదిలేయకుండా, సెలవు కోసం రాతపూర్వకంగా దరఖాస్తు చేసి, కేటలాగ్ సంవత్సరం నిలబడుతుందని జవాబు తీసుకోవాలి. అక్కడి నుంచే చదువు కొనసాగించదలచినవారు పర్యవేక్షణలో రాసే పరీక్షల సంగతి, ప్రత్యక్ష తరగతుల సంగతి కనుక్కోవాలి. వేసవిలో డల్లాస్‌లో సాయంత్రం 7 గంటలకు జరిగే తరగతి ఒంగోలులో మరునాటి తెల్లవారుజామున 5.30కు వస్తుంది. బాలింతకు అది తేలికైన వేళ కాదు.

ఖర్చు తగ్గించుకునే మార్గాలున్నాయి. కోర్సు చదవకుండానే క్రెడిట్ పొందేందుకు కాలేజ్ బోర్డు నిర్వహించే క్లెప్ పరీక్షలలో అకౌంటింగ్, మార్కెటింగ్, మేనేజ్‌మెంట్, బిజినెస్ లా, ఎకనామిక్స్ ఉన్నాయి, వీటికి 50 స్కోరు వస్తే క్రెడిట్ ఇవ్వవచ్చునని అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ సిఫారసు. కాని సిఫారసు సిఫారసే. అంగీకరించడం, అంగీకరించకపోవడం విశ్వవిద్యాలయం ఇష్టం. ముందు లిఖితపూర్వక అంగీకారం, తరువాత పరీక్ష ఫీజు. ఈ వరుస తారుమారు కానీయకండి.

గుర్తింపు సంగతి క్లుప్తంగా: హయ్యర్ లెర్నింగ్ కమిషన్ వంటి సంస్థలు మొత్తం విద్యాసంస్థకు ఇచ్చే గుర్తింపు లేని చోట చదివిన క్రెడిట్లను మరొకరు తీసుకోవడం కష్టం. ఏసీఐసీఎస్ అనే గుర్తింపు సంస్థకు అమెరికా విద్యాశాఖ 2022లో ఆమోదాన్ని ఉపసంహరించింది. దానినే నమ్ముకున్న కాలేజీలు వేరే గుర్తింపు వెతుక్కోవలసి వచ్చింది. ఎంబీఏకు మారేవారు పాత ఎంకాం, ఎంబీఏ పేపర్ల మీద పెద్దగా ఆశలు పెట్టుకోకూడదు. చాలా చోట్ల 6 నుంచి 9 క్రెడిట్లకు మించి తీసుకోరు, అవి కూడా ఇటీవలి ఏళ్లలో చదివినవై ఉండాలంటారు. స్వదేశానికి తిరిగి వెళ్లి ఉద్యోగానికో పై చదువుకో ఆ డిగ్రీని చూపించదలచినవారు, విదేశీ అర్హతల సమానత్వంపై యూజీసీ 2025 ఏప్రిల్‌లో ప్రకటించిన నిబంధనలు ఆన్‌లైన్ చదువుకు ఎలా వర్తిస్తాయో చేరకముందే చదువుకోవాలి.

ఇవన్నీ చూసుకున్నాక, చేరబోయే విశ్వవిద్యాలయాన్ని ఒక్క పత్రం అడగండి: మీ పాత పేపర్లు ఏ గడిలో పడ్డాయో, ఇంకా ఏవి మిగిలాయో చూపించే డిగ్రీ ఆడిట్. అది చేతికి రాకముందు మొదటి టర్మ్ ఫీజు కట్టవద్దు. అందులో ఏ పేపరైనా అన్యాయంగా ఐచ్ఛికంలోకి వెళ్లిందనిపిస్తే పునఃపరిశీలన కోరవచ్చు. ఆ అర్జీని అడ్మిషన్ల వారికి కాక ఆ సబ్జెక్టు విభాగానికి చేరేటట్టు పంపి, ఊరి నుంచి తెచ్చుకున్న సిలబస్‌లో ఆ పేపరు పుటను, చదివిన పాఠ్యపుస్తకం పేరును, యూనిట్ల వారీ అంశాలను జతచేయండి. ఒక అర్జీలో ఒకే పేపరు గురించి రాయండి, ఆ కోర్సును మళ్లీ చదవడానికి నమోదు చేసుకునే గడువుకు ముందే అది వారికి అందాలి.