ఒక్క పేజీ రూపమే మార్చాలంటే

గుంటూరు మిర్చి యార్డుకు దగ్గర్లో మా ఆఫీసు. మా లోపలి సైటు వర్డ్‌ప్రెస్‌లో (వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) నడుస్తుంది. తేజ, 334 అనే మిర్చి రకాల ధరల పేజీలో అక్షరాలు పెద్దవిగా కావాలన్నారు. ఎండలో నిలబడి ఫోన్‌లో చూసేవాళ్లకు అది నిజంగా అవసరం. తొందరలో, సైటు మొత్తం రూపాన్ని నిర్ణయించే థీమ్ ఫైల్లోనే టేబుల్ (పట్టిక) రూల్ మార్చేశాను. సెలవుల పట్టిక, జీతాల పట్టిక కూడా చెదిరిపోయి ఆ పూటంతా టెన్షన్.

అసలు దారి చాలా సులువు. వర్డ్‌ప్రెస్‌లో మామూలుగా ప్రతి పేజీ బాడీ ట్యాగ్‌కీ (పేజీలో కనిపించేదంతా ఉండే కోడ్ భాగం) దాని నంబరుతో ఒక క్లాస్, అంటే గుర్తింపు పేరు ఉంటుంది, పేజ్-ఐడీ-42 (page-id-42) లాగా. పేజీని ఎడిట్‌లో తెరిస్తే అడ్రస్ బార్‌లో పోస్ట్ అన్న మాట పక్కన ఉండేది ఆ నంబరే. కస్టమైజర్ అనే సెట్టింగుల పేజీలో, రూపం మార్చే కోడ్ రాసుకునే అడిషనల్ సీఎస్ఎస్‌లో, రాసే ప్రతి రూల్ ముందూ చుక్క పెట్టి ఆ క్లాస్ పేరు చేర్చండి. మార్పు ఆ పేజీ దాటి బయటికి పోదు. కామా పెట్టి రెండు మూడు సెలెక్టర్లు (రూల్ దేనికి వర్తించాలో చెప్పే పేర్లు) రాస్తే ప్రతిదానికీ విడిగా చేర్చాలి, చాలామంది ఇక్కడే పొరబడతారు.

థీమ్ మారిస్తే ఇక్కడ రాసింది కొత్త థీమ్‌కు రాదు. ముందే కాపీ చేసి దాచుకోండి.