పాత పందెపు ఎద్దుకు వెల కట్టడం – 4వ పాఠం: పళ్లు కలిశాక ఏం చూడాలి

పోయిన పాఠం చివర ఒక లెక్క ఇచ్చాను. పళ్లు కలిసిన, అంటే ఎనిమిది ముందు పళ్లూ వచ్చేసిన బండలాగుడు ఎద్దు, ఎలపట (కాడికి కుడి పక్క; ఎడమ పక్క దాపట) మాత్రమే కడతారు, జతగా మూడు మొదటి బహుమతులు, జత పలికిన ధర ఎనిమిది లక్షలు, అలవాటైన మనిషి తప్ప ఇంకొకరు తోలితే కదలదు, వెల ఎంత అని. వచ్చిన జవాబులు దాదాపు అన్నీ ఒకే చోట్ల తడబడ్డాయి. ఈ వారం గిట్టల గురించి చెబుతానన్నాను గానీ, ఈ తప్పులు దిద్దుకోకుండా ముందుకు పోతే గిట్టల పాఠం కూడా వృథా అవుతుంది. అందుకని దాన్ని వచ్చే వారానికి జరుపుతున్నాను.

ముందు నోటి సంగతి. పై దవడలో ముందు పళ్లు లేవు కాబట్టి ముసలిదైపోయి రాలిపోయాయని కొందరు రాశారు. పశువుకు పైన ముందు పళ్లు ఎప్పుడూ ఉండవు, గట్టి చిగురు మెత్త మాత్రమే ఉంటుంది. మనం చూసేది కింది దవడలోని ఎనిమిదింటినే. మధ్య జత రెండు, రెండున్నరేళ్లకు మారుతుంది. చివరి జత వచ్చేసరికి నాలుగు, నాలుగున్నర. అక్కడితో పందేల్లో పళ్లను బట్టి చేసే పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అనే విభాగాల లెక్క ముగిసిపోతుంది. ఇంకా చాలామంది "ఎనిమిది పళ్లు, కాబట్టి అయిదేళ్లు" అని రాశారు. ఎనిమిది పళ్లు అయిదేళ్ల ఎద్దుకూ ఉంటాయి, పదకొండేళ్ల దానికీ ఉంటాయి. పళ్లు కలిశాక లెక్కపెట్టడం మానేసి అరుగుదల చూడాలి.

పెదవి కిందికి లాగి పట్టుకుని పన్ను పై అంచు మీద వేలు పెట్టండి. లేత పన్ను అంచు ఉలిలా పలచగా తగులుతుంది. ఆరేళ్ల ప్రాంతంలో మధ్య జత అంచు చదునవుతుంది. అక్కణ్నుంచి ఏడాదికో జత చొప్పున పక్కకు జరుగుతూ, తొమ్మిది పదేళ్లకు చివరి జత కూడా చదునవుతుంది. ఆ తర్వాత పళ్ల మధ్య సందులు పడతాయి, చిగురు కిందికి దిగి పన్ను మెడ బయటపడుతుంది, పన్ను మేకులా కనిపిస్తుంది. ఇసుక నేలల్లో మేసిన పశువు పళ్లు ఏడాది ముందే అరుగుతాయి. కొట్టంలో దాణా, కత్తిరించిన గడ్డి తిని పెరిగిన పందెపు ఎద్దు పళ్లు వయసు కంటే లేతగా కనబడతాయి. కాబట్టి పందెపు ఎద్దు నోరు చూసి మీకు తోచిన వయసుకు ఒక ఏడాది కలుపుకోండి. కొమ్ము మీది వలయాలు లెక్కపెట్టే ప్రయత్నం చేయొద్దు. కొమ్ములు చెక్కి నూనె రాసిన ఎద్దులో ఆ వలయాలు మిగలవు.

ఇక నన్ను బాగా ఇబ్బంది పెట్టిన తప్పు. జత ఎనిమిది లక్షలు పలికింది కాబట్టి ఒక్కో ఎద్దు నాలుగు లక్షలు అని రాసినవాళ్లే ఎక్కువ. కొని నష్టపోయినవాళ్లలో ఎక్కువమంది ఈ ఒక్క భాగహారం దగ్గరే నష్టపోతారు కాబట్టి కాస్త నిలబడి చూద్దాం.

జతలో రెండు ఎద్దులూ సమానంగా లాగవు. అది తోలేవాడికి తెలుసు, అందుకే కాడిని సరిచేస్తాడు. రెండు మెడల మధ్య దూరం 60 అంగుళాలు అనుకోండి. బండ గొలుసును కాడికి కట్టే చోటు, అంటే కట్టు, సరిగ్గా మధ్యలో, 30 దగ్గర ఉంటే బరువు సగం సగం. కట్టును 3 అంగుళాలు ఎలపటి వైపు జరిపితే ఆ ఎద్దు మెడకు దూరం 27, దాపటి దాని మెడకు 33 అవుతుంది. కట్టు ఎవరికి దగ్గరైతే వాళ్ల మీద భారం ఎక్కువ. ఎలపటిది 60లో 33 వంతులు, అంటే నూటికి 55 మోస్తుంది. దాపటిది 45. మూడంగుళాల జరుగుదలకు పది పాళ్ల తేడా. మూడు బహుమతుల్లో మీరు కొంటున్న ఎద్దు వాటా ఎంతో ఆ కాడే చెబుతుంది. అందుకని ఎద్దును చూడకముందు కాడిని చూపించమని అడగండి. రెండు మెడలు ఆనే చోట్ల నుంచి కట్టు ఒరిపిడి దాకా టేపు పెట్టి కొలవండి. కట్టు తాడు ఏళ్ల తరబడి ఒకే చోట ఒరిసి కర్ర నునుపెక్కి, గాడి పడి ఉంటుంది. ఆ గాడి అబద్ధం చెప్పదు. "ఈ కాడి కొత్తది, పాతది విరిగింది" అంటే మెడ చూడండి. ఎక్కువ భారం మోసిన ఎద్దు మూపురం ముందు చర్మం దళసరిగా, వెంట్రుక పలచబడి ఉంటుంది.

ఇంకో సంగతి. జత విలువలో కొంత ఆ రెండింటి కలయికది, ఏ ఒక్కదానిదీ కాదు. బండ కదిలే మొదటి క్షణమే అన్నిటికంటే బరువైనది. రెండూ ఒకే ఊపిరిలో మెడ వంచాలి. ఆ పొత్తు కుదరడానికి నెలలు పడుతుంది. ఎనిమిది లక్షల జతను విడదీస్తే బలమైనది మూడున్నర, రెండోది రెండు పలకడం వింత కాదు. మిగతా రెండున్నర ఎటు పోయిందని అమ్మేవాణ్ని అడగొద్దు. తోటి ఎద్దు చనిపోయినా అమ్ముడైనా ఆ డబ్బు ఆరోజే ఆవిరైంది. ఒంటరిగా మిగిలిన ఎద్దుకు జత ధరలో సగం అడిగితే బేరం అక్కడే ఆపండి.

ఇప్పుడు మొండితనం. "మొండిది, అందుకే చవక" అని ఎవరైనా అంటే నా మొదటి ప్రశ్న ఒక్కటే: అది స్వభావమా, నొప్పా? స్వభావానికి ధర తగ్గించి కొనొచ్చు. నొప్పి అయితే అది ఏ నొప్పో తేలేదాకా ధర మాటే ఎత్తకూడదు.

పొద్దున్నే, చెప్పిన సమయానికి గంట ముందు వెళ్లండి. ఎద్దు పడుకుని ఉండగా చూడాలి. లేపి బయటికి తెస్తున్నప్పుడు వెనక నిలబడండి. వెనక కాలు ఒకటి కర్రలా బిగుసుకుని వెనక్కి చాచినట్టు ఉండి, గిట్ట ముందు అంచు నేల మీద గీత గీస్తూ వస్తుందేమో చూడండి. రెండు మూడు అడుగులకు ఒక్క ఉదుటున ముడుచుకుంటుంది. తర్వాత మామూలు నడకే. పది నిమిషాలు నడిపితే జాడ కూడా కనిపించదు. ఇది మోకాలి చిప్ప పైకి జరిగి పట్టేయడం. మన ఎద్దుల్లో కొత్తది కాదు. ఇలాంటి ఎద్దు మొదటి లాగుకు వెనకాడుతుంది, మలుపులో తటపటాయిస్తుంది, జనం దానికి "బద్ధకం" అని పేరు పెడతారు. పశువైద్యుడు తిమ్మిరి మందు ఇచ్చి చిప్ప లోపలి వైపు బంధనాన్ని కోస్తే చాలావరకు సరవుతుంది. కీలు వాచి లేకపోతే, వైద్యుడు చూసి సరేనంటే, అందరూ వద్దన్న ఈ ఎద్దు మీకు మంచి బేరం. కీలు చుట్టూ వాపు గట్టిపడి ఉంటే వదిలేయండి.

ఇంకొన్ని ఎద్దులు చల్లటి పూట చక్కగా లాగి, ఎండెక్కితే నిలబడిపోతాయి. నీడలో కట్టినా మధ్యాహ్నం నోరు తెరిచి రొప్పుతాయి. ఒంటి వెంట్రుక పొడవుగా, గరుకుగా పెరిగి ఉంటుంది. ఎప్పుడో గాలికుంటు వచ్చి తగ్గిన పశువుకు మిగిలే లోపం ఇది. దాణా మార్చినా, నీళ్లు పోసినా పోదు. మన పందేలు సంక్రాంతికి మొదలై శివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి తిరునాళ్ల మీదుగా ఎండల్లోకి నడుస్తాయి. అలాంటి ఎద్దుకు పందెపు విలువ సున్నా వేయండి. జనవరిలో పొగమంచు వేళ చూసి కొన్నవాళ్లే ఎక్కువగా మోసపోతారు. మధ్యాహ్నం రెండింటికి మళ్లీ వెళ్లి డొక్క కదలిక నిమిషం పాటు లెక్కపెట్టండి, పక్కనున్న మరో ఎద్దుదీ లెక్కపెట్టి పోల్చండి.

తల ఒక పక్కకు వంచి, కొమ్మును స్తంభానికి పదేపదే రాస్తూ, అదే వైపు ముక్కులోంచి రక్తపు చార కనిపిస్తే అది పొగరు కాదు. కొమ్ము క్యాన్సర్ కావచ్చు. నడివయసు దాటిన ఎద్దుల్లో మన దగ్గర చూసేదే. వైద్యుడు చూడకుండా బయానా ఇవ్వొద్దు.

పిరుదుల మీద, తోక మొదట్లో చుక్కల్లాంటి మచ్చలు వేలితో తడిమి చూడండి. తోకను పైనుంచి కిందికి పట్టి జారిస్తే ఎక్కడైనా ముడిలా, వంకరగా తగిలిందంటే మెలిపెట్టి ఎముక విరిచారన్న మాట. ముల్లుకర్రతో, తోక మెలికతో సాధించిన అడుగులు ఆ ఎద్దు బలం కాదు. అవి దాని మీద చేసిన దౌర్జన్యం. నేనైతే అలాంటి రికార్డును ఒక్క రూపాయికి కూడా లెక్కలో వేయను. చెయ్యి ఎత్తగానే ఆ ఎద్దు వెనక్కి తన్నుతుంది, బరిలో బెదురుతుంది. అది మానడానికి ఏడాది ఓపిక కావాలి.

నొప్పి లేదని తేలాక మిగిలేవి నిజమైన అలవాట్లు. ఒక పక్కే కట్టించుకోవడం, ఒకే మనిషి మాట వినడం, మైకు మోతకు బెదరడం, మలుపులో మొరాయించడం. వీటిలో అన్నిటికంటే ఖరీదైనది మలుపు. 20 నిమిషాల పందెంలో బరి ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూ 15 మలుపులు వచ్చాయనుకోండి. ఒక్కో మలుపులో 10 సెకన్లు పోతే మొత్తం 150 సెకన్లు. 1,200 సెకన్లలో ఎనిమిదో వంతు. 4,000 అడుగులు లాగగల జత 3,500 దగ్గర ఆగిపోతుంది. మైకు బెదురు మాత్రం నేను పెద్దగా పట్టించుకోను. కొట్టం దగ్గర రోజూ రేడియో పెట్టి, దూరం కొంచెం కొంచెంగా తగ్గిస్తే చాలా ఎద్దులు అలవాటు పడతాయి.

ఒంటి మీది వెంట్రుకల సుళ్ల గురించి అడిగినవారికి: సుడి చూసి ఎద్దు లాగుడు తెలియదు, దానికి నేను ధర తగ్గించను. కానీ రేపు మీ దగ్గర కొనేవాడు తగ్గిస్తాడు. కాబట్టి ఏడాదిలో తిరిగి అమ్మే ఆలోచన ఉంటే మాత్రం లెక్కలో వేసుకోండి.

ఇప్పుడు పాత లెక్కను విప్పుదాం. అంకెలు లెక్క కోసం వేసినవి, మీ ప్రాంతపు ధరలు పెట్టుకోండి. ఇదే ఒడ్డూ పొడుగూ, ఇదే లాగుడు ఉన్న, అప్పుడే పళ్లు కలిసిన ఆరోగ్యమైన ఎద్దు ఒంటరిగా నాలుగు లక్షలు. పందెం మాట మరిచి రేపు బండికో అరకకో అమ్మితే 70 వేలు. ఈ రెండో అంకెను ఎవరూ రాయలేదు. ధర అంతకంటే కిందికి పోదు, కాళ్ల కింద నేల అదే. తేడా 3,30,000 పందెపు విలువ. లేత ఎద్దుకు ఆరు సీజన్లు ఉన్నాయనుకుంటే, పళ్ల అరుగుదల బట్టి తొమ్మిదేళ్లు దాటిన దీనికి రెండే వేస్తాను. మూడో వంతు, 1,10,000. 70 వేలు కలిపితే 1,80,000. ఇక్కడిదాకా అందరికీ ఒకే ధర.

ఇక్కణ్నుంచి కొనేవాణ్ని బట్టి మారుతుంది. మీ కొట్టంలో దాపట లాగే ఎద్దు ఎదురుచూస్తూ ఉంటే "ఎలపట మాత్రమే" అన్న లోపానికి ఒక్క రూపాయి తగ్గించనక్కర్లేదు. లేకపోతే తోడు వెతకడానికి, పొత్తు కుదర్చడానికి ఉన్న రెండు సీజన్లలో ఒకటి పోతుంది. అంటే 55 వేలు తీసేయాలి. మనిషి అలవాటు విషయంలో, పాత మనిషి నెల రోజులు మీ దగ్గరికొచ్చి పగ్గం చేతికిస్తాడా అని అడగండి. వస్తే అతని కూలి, భోజనం ఖర్చే తగ్గింపు. రాడంటే నేను ఆ ఎద్దును కొనను. తగ్గింపు ఎంత ఇచ్చినా సరే. దాణా ఖర్చు తీసేసినవాళ్లు మళ్లీ కలపండి. ఉలవలూ పచ్చిగడ్డీ లేత ఎద్దూ తింటుంది, ఆ ఖర్చు నాలుగు లక్షల్లోనే ఇమిడి ఉంది. విత్తు కొట్టించని గిత్త అయితే ఆబోతుగా వచ్చే రాబడి వేరే లెక్క, ఆరో పాఠంలో చూద్దాం.

మీ అంకెను సంతకు వెళ్లకముందే కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం మొదలయ్యాక లెక్కలు వేయడం ఎవరివల్లా కాదు.

వచ్చే వారానికి అభ్యాసం. దగ్గర్లో బండలాగుడు జరిగే చోటికి వెళ్లి ఒక్క జతనే ఎంచుకోండి. 20 నిమిషాలూ బండను, జనాన్ని చూడకుండా కాడి రెండు కొసల్నే చూడండి. ప్రతి కదలికకూ ఏ కొస ముందు కదిలిందో, ప్రతి మలుపుకూ ఎన్ని సెకన్లు పట్టిందో రాయండి. పందెం అయ్యాక అనుమతి అడిగి కాడి కట్టు కొలవండి. ఆ రెండు ఎద్దులనూ విడివిడిగా వెల కట్టి, అంకెలతో పాటు కాడి కొలత కూడా పంపండి. కొలత లేని జవాబులు దిద్దను.