దంత వైద్య సక్షన్ పరికరాల రూపకల్పన – 4వ పాఠం: మూసిన గొట్టం, నిండు గేజ్

గత పాఠంలో నోట్లోని నీటిని పీల్చే సక్షన్ గొట్టం చివర, టిప్ (నోట్లో పెట్టే కొన) అమరే చోటికి కొంచెం ముందు, ఒక టీ జాయింటు వేసి వాక్యూమ్ గేజ్ (బయటి గాలి కంటే లోపలి ఒత్తిడి ఎంత తగ్గిందో చూపేది) బిగించి కొలతలు తీయమని చెప్పాను. మిర్యాలగూడ నుంచి వనపర్తి దాకా పాఠకులు రాసి పంపిన వాటిలో ఎక్కువ భాగం ఒకే తీరుగా ఉన్నాయి. గేజ్ నిండుగా 20 కిలోపాస్కల్ చూపుతోందట, అయినా పన్ను అరగదీసేటప్పుడు నోట్లో నీళ్లు నిలుస్తున్నాయట, కాబట్టి మోటారు మార్చాలా అని అడిగారు. మార్చనక్కరలేదు. ఈ కొలతలన్నీ గొట్టం మూతిని బొటనవేలితో మూసి తీసినవి. నేటి పాఠం నిజానికి టిప్ మీద పెట్టే గాలి రంధ్రాల గురించి. కానీ ఈ చిక్కు విప్పకుండా అక్కడికి వెళ్లి ప్రయోజనం లేదు.

గొట్టం మూసినప్పుడు గాలి కదలదు. గాలి కదలనప్పుడు దారి పొడవునా ఒత్తిడి నష్టం కూడా ఉండదు. అందువల్ల ఫిల్టర్ ముప్పాతిక వంతు పూడిపోయినా, కుర్చీ కింద గొట్టం నలిగినా, క్షణాల్లోనే మోటారు పూర్తి వాక్యూమ్ గొట్టం చివరికి చేరుతుంది, గేజ్ ముల్లు దానినే చూపుతుంది. డ్రిప్ వేసిన బత్తాయి తోటలో గేట్ వాల్వులన్నీ కట్టేసి చూస్తే, ఫిల్టర్ నిండా ఇసుక ఉన్నా దాని అవతలి గేజ్ నిండు ఒత్తిడే చూపుతుందని మన జిల్లా రైతులకు తెలుసు. వాల్వు తిప్పి నీళ్లు పారించినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. ఇక్కడ జరిగేది కూడా అదే. మూసి తీసిన కొలత పూర్తిగా వ్యర్థమని నేను అనడం లేదు. మోటారు బలహీనపడిందా, దారిలో ఎక్కడైనా గాలి లీకవుతోందా అన్నది అది చెబుతుంది. పూడిక సంగతి మాత్రం చెప్పదు, ఎన్నిసార్లు మూసి చూసినా చెప్పదు.

కాబట్టి టిప్ అమర్చి, దాని మూతిని తెరిచే ఉంచి, గాలి పారుతున్నప్పుడు గేజ్ చూడండి. దారి శుభ్రంగా ఉన్నప్పుడు ముల్లు 8 కిలోపాస్కల్ దగ్గర నిలిచిందనుకుందాం. కొన్ని వారాల తరువాత అదే టిప్‌తో 2 చూపితే, టిప్ గుండా పోయే గాలి దాదాపు సగానికి పడిపోయిందని అర్థం. ఎందుకంటే ఇంత వేగంలో ప్రవాహం ఒత్తిడి తేడాకు కాక దాని వర్గమూలానికి అనుపాతంగా ఉంటుంది. మూసి చూస్తే ఆ రోజు కూడా గేజ్ 20 చూపుతూనే ఉంటుంది. పన్ను అరగదీసే హ్యాండ్‌పీస్ నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల నీరు చల్లుతుంది, దానితో పోలిస్తే లాలాజలం చాలా తక్కువ. ఆ నీటిని తుంపరతో సహా పట్టుకునేది గాలి ప్రవాహమే. అందుకే పెద్ద సక్షన్‌కు, అంటే మనం మాట్లాడుతున్న ఈ వెడల్పు గొట్టానికి, నిమిషానికి 250 లీటర్లకు పైగా గాలిని ప్రమాణంగా చెబుతారు.

రోగికి సుఖంగా ఉంటుందని 11 మిల్లీమీటర్ల టిప్ తీసి, రెడ్యూసర్ (గొట్టం వ్యాసాన్ని తగ్గించే జోడింపు) వేసి 8 మిల్లీమీటర్లది పెట్టిన వారు కూడా మూసిన గేజ్‌నే నమ్మి ఇదే పొరపాటు చేశారు. వైశాల్యం దాదాపు సగమైంది, గాలి కూడా బాగా తగ్గింది. టిప్ దగ్గర కాకుండా గొట్టం మధ్యలో రెడ్యూసర్ వేసినా నష్టం తప్పదు.

ఇప్పుడు గాలి రంధ్రాలు. 11 మిల్లీమీటర్ల మూతి బుగ్గకు పూర్తిగా అతుక్కుని లోపల 20 కిలోపాస్కల్ వాక్యూమ్ ఏర్పడితే, దాదాపు 190 గ్రాముల బరువు వేలాడదీసినంత బలంతో ఆ చర్మాన్ని లాగుతుంది. పక్కన రంధ్రం ఉంటే మూతి మూసుకున్న వెంటనే గాలి అటు నుంచి లోపలికి వస్తుంది, వాక్యూమ్ 5కు దిగితే లాగే బలం 50 గ్రాములకు తగ్గుతుంది. మూసి తీసే కొలత నిజంగా అక్కరకు వచ్చేది ఇక్కడే: మూతిని మాత్రం మూసి, రంధ్రాన్ని వదిలిపెట్టి గేజ్ చూస్తే, బుగ్గ మీద పడే లాగుడు ఎంతో తెలిసిపోతుంది. ఒక పెద్ద గుండ్రటి రంధ్రం కంటే ఎదురెదురుగా రెండు సన్నని కోలాకారపు రంధ్రాలనే నేను ఎంచుకుంటాను, ఎందుకంటే నాలుక ఒకదాన్ని మూసినా రెండోది మిగులుతుంది. రంధ్రం మరీ పెద్దదైతే మూతి దగ్గర పీల్చాల్సిన గాలి అటే పోతుంది. అంచులు నున్నగా ఉండాలని వేరే చెప్పను.

లాలాజలం పీల్చే సన్నని గొట్టం, సెలైవా ఎజెక్టర్ గురించి ఒక్క మాట. రోగిని పెదవులు బిగించి దాన్ని చప్పరించమనే అలవాటు మానాలి. అలా చేస్తే నోటిలోని ఒత్తిడి గొట్టంలోని ఒత్తిడి కంటే తగ్గి, అంతకు ముందు రోగి నుంచి గొట్టంలో నిలిచిన ద్రవం వెనక్కి వచ్చే అవకాశం ఉంది. గొట్టాన్ని నోటి కంటే ఎత్తులో ఉంచినా, పెద్ద సక్షన్‌ను అదే సమయంలో వాడినా ఈ ప్రమాదం ఉంటుంది.

అభ్యాసం. పలచని రబ్బరు చేతి తొడుగును తడిపి ఒక గిన్నె మూతికి బిగించండి, అదే బుగ్గ. రంధ్రం లేని టిప్, ఒక రంధ్రం ఉన్నది, రెండు ఉన్నది తీసుకుని, ఒక్కొక్కదానికి తెరిచినప్పటి గేజ్, మూతి మూసినప్పటి గేజ్, తొడుగు నుంచి టిప్‌ను ఊడదీయడానికి చిన్న స్ప్రింగ్ త్రాసు చూపిన బరువు రాసుకోండి. ఇదంతా శుభ్రమైన ఫిల్టర్‌తో ఒకసారి, సగం టేపు అంటించిన ఫిల్టర్‌తో ఒకసారి, కరెంటు ఓల్టేజీ పడిపోయే వేళ మరొకసారి చేయాలి. అంటే 27 అంకెలు. ఫిల్టర్‌కు టేపు వేసిన వరుసలో ఏ గడి మారింది, ఏ గడి మారలేదు అన్నది గుర్తించి నాకు పంపండి. ఐదో పాఠంలో టిప్ వంపు కోణాన్ని ఆ పట్టిక నుంచే మొదలుపెడతాను.